అణు విద్యుత్తుతో హైడ్రోజన్: వర్ధమాన దేశానికి గిట్టుబాటు అవుతుందా?

వేపచెట్టు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటి మీ ముందు పెడుతున్నాను. ఒక వర్ధమాన దేశాన్ని ఊహించుకోండి. కరెంటులో సగానికి పైగా బొగ్గు నుంచే వస్తోంది. కొన్ని అణు రియాక్టర్లు నడుస్తున్నాయి, ఇంకొన్ని కట్టే ఆలోచన ఉంది. ఎరువులకీ, చమురు శుద్ధికీ బోలెడంత హైడ్రోజన్ కావాలి. దాన్ని దిగుమతి చేసుకున్న సహజవాయువు నుంచి తీస్తున్నారు. ఈ దేశం తన రియాక్టర్లతో హైడ్రోజన్ తయారీకి దిగొచ్చా?

హైడ్రోజన్ అనగానే కార్లు, విమానాలు అంటూ చర్చ ఎటో వెళ్లిపోతుంది. దయచేసి వాటిని పక్కన పెడదాం. ప్రపంచం 2023లో వాడిన హైడ్రోజన్ సుమారు 9.7 కోట్ల టన్నులు. దాదాపు అంతా శుద్ధి కర్మాగారాలకీ, అమ్మోనియాకీ, మిథనాల్‌కీ, ఇనుముకీ పోయింది. అందులో కర్బన ఉద్గారాలు తక్కువగా ఉండే దారిలో తయారైంది ఒక్క శాతం కూడా లేదు. గ్యాస్ నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. బొగ్గు నుంచి అయితే 18 నుంచి 20 కిలోలు.

రియాక్టర్ రాత్రీ పగలూ నడుస్తుంది. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం ఎలక్ట్రోలైజర్, దానికి కావలసిందీ అదే. జోడీ బాగా కుదిరినట్టే ఉంది కదా, మరి ఎక్కడ తేడా కొడుతోంది?

కంట్రోల్_రూమ్

అణు కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను. ముందు సైజు సంగతి మాట్లాడుకుందాం, లేకపోతే మాటలు గాల్లో తేలిపోతాయి.

1000 మెగావాట్ల రియాక్టర్ ఏడాదంతా 90 శాతం సామర్థ్యంతో నడిస్తే 788 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. పంపులు, కంప్రెసర్లు అన్నీ కలుపుకుంటే కిలో హైడ్రోజన్‌కి 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. 55 అనుకుంటే ఏడాదికి 1.43 లక్షల టన్నులు, అంటే రోజుకి 390 టన్నులు. టన్ను అమ్మోనియాకి 178 కిలోల హైడ్రోజన్ కావాలి. కాబట్టి ఒక పెద్ద రియాక్టర్ మొత్తంగా ఈ పని మీదే కూర్చుంటే ఏడాదికి 8 లక్షల టన్నుల అమ్మోనియా. ఒక పెద్ద ఎరువుల కర్మాగారం పొట్ట నిండుతుందన్నమాట.

ఇప్పుడు నిజంగా జరుగుతున్నది ఎంతో చూడండి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ మైల్ పాయింట్ అణు కేంద్రంలో 2023లో ఒక ఎలక్ట్రోలైజర్ మొదలుపెట్టారు. అది 1.25 మెగావాట్లది, రోజుకి 560 కిలోల హైడ్రోజన్ ఇస్తుంది. భాగించి చూస్తే కిలోకి 53, 54 యూనిట్లు తేలుతుంది, పైన నేను చెప్పిన అంకెతో సరిపోతుంది. ఆ హైడ్రోజన్‌ని బయట ఎక్కడా అమ్మరు. అదే కేంద్రంలో జనరేటర్‌ని చల్లబరచడానికి వాడతారు. పెద్ద జనరేటర్ లోపల గాలి బదులు హైడ్రోజన్ నింపుతారు. తేలికగా ఉంటుంది కాబట్టి తిరిగే భాగానికి రాపిడి తక్కువ, వేడిని త్వరగా లాగేస్తుంది. అంటే అణు కేంద్రానికి మొదటి హైడ్రోజన్ గిరాకీ దాని ప్రహరీ లోపలే ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

లెక్కల_పుస్తకం

వేపచెట్టు గారూ, తేడా ఎక్కడ కొడుతోందో నేను చెబుతాను. మీరు ఊహించిన దేశంలో గ్రిడ్ బొగ్గుతో నడుస్తోంది. అసలు చిక్కు అదే.

అణు కేంద్రం నుంచి వెయ్యి యూనిట్లు చేతికి వచ్చాయనుకోండి. వాటిని గ్రిడ్‌కి ఇచ్చి అంతే బొగ్గు కరెంటుని ఆపేస్తే 900 నుంచి 1000 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అవే వెయ్యి యూనిట్లని ఎలక్ట్రోలైజర్‌కి ఇస్తే 18 కిలోల హైడ్రోజన్ వస్తుంది. అది గ్యాస్ హైడ్రోజన్ స్థానంలోకి వెళ్తే మహా అయితే 180 కిలోలు తగ్గుతుంది. బొగ్గు నుంచి తీసే హైడ్రోజన్‌ని తప్పించినా 360 కిలోలకి అటూ ఇటూనే.

అంటే ఒకే కరెంటుకి ఒక దారిలో ఐదు రెట్లు ఎక్కువ ఫలితం. బొగ్గు కేంద్రాలు మండుతుండగా, పక్కనే ఉన్న రియాక్టర్ కరెంటుతో నీళ్లని విడగొడుతూ కూర్చోవడం వాతావరణం పేరుతో సమర్థించలేం. గ్రిడ్‌లో బొగ్గు వాటా బాగా పడిపోయిన దేశాలకి ఈ లెక్క వేరు. వాళ్ల నివేదికలు చదివి మన లెక్కలు వేసుకోకూడదు.

వేపచెట్టు

ఈ లెక్క ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ వర్ధమాన దేశానికి కార్బన్ ఒక్కటే బాధ కాదు కదండీ. గ్యాస్ డాలర్లు పోసి కొనాలి. 2022లో గ్యాస్ ధర ఎగబాకితే యూరప్‌లోనే అమ్మోనియా ప్లాంట్లు మూతపడ్డాయి. డబ్బున్న దేశాలే అలా వెనకడుగు వేస్తే, విదేశీ మారకం కటకటగా ఉన్న దేశంలో రైతుకి యూరియా ఎవరు ఇస్తారు? బొగ్గు సొంత నేలలో దొరుకుతుంది, గ్యాస్ దొరకదు. ఆ కోణంలో చూస్తే హైడ్రోజన్‌కి పెట్టిన కరెంటు తిండి గింజలకి పెట్టినట్టే.

నత్రజని

అమ్మోనియా ప్లాంటులో పనిచేసినవాణ్ణి, అందుకే ఇక్కడ ఆగి కొంచెం చరిత్ర చెప్పాలనిపిస్తోంది. కరెంటుతో ఎరువులు చేయడం కొత్త సంగతి కాదు. వర్ధమాన దేశాలు ఈ దారిలో ఎప్పుడో నడిచాయి.

భాక్రా ఆనకట్ట కరెంటుతో నంగల్‌లో నీటిని విడగొట్టి ఎరువు చేశారు. భారతదేశపు మొదటి భారజల (కొన్ని రకాల రియాక్టర్లలో వాడే బరువైన నీటి) కర్మాగారం కూడా 1962లో అక్కడే, ఆ హైడ్రోజన్‌ని ఆధారం చేసుకునే వచ్చింది. అంటే భారత అణు కార్యక్రమానికీ, ఎలక్ట్రోలైజర్లకీ చుట్టరికం అప్పటిది. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కరెంటుతో అలాంటి కర్మాగారమే నడిచింది. జింబాబ్వేలో క్వెక్వే దగ్గర కరీబా జలవిద్యుత్తుతో దశాబ్దాల పాటు అమ్మోనియా చేశారు.

ఏమయ్యాయి అవన్నీ? నంగల్ ముందు ఇంధన నూనెకి, తర్వాత గ్యాస్‌కి మారింది. అస్వాన్ కూడా గ్యాస్‌కే మారింది. క్వెక్వేలో ఎలక్ట్రోలైజర్లు 2015లో ఆగిపోయాయి. మూడు చోట్లా యంత్రాలు మొరాయించలేదు, రసాయన శాస్త్రం తప్పలేదు. ఆనకట్ట కట్టిన కొత్తలో కరెంటు కొనేవాడు లేడు, చవగ్గా దొరికింది. ఊళ్లు పెరిగాయి, పరిశ్రమలు వచ్చాయి, ప్రతి యూనిట్‌కీ పోటీ మొదలైంది. ఆ పోటీలో ఎలక్ట్రోలైజర్ నిలవలేకపోయింది.

రియాక్టర్ కరెంటు ఆనకట్ట కరెంటు అంత చవక కాదు. ఇవాళ కడితే పదేళ్ల తర్వాత ఆ కరెంటుకి ఎవరెవరు పోటీ పడతారో ఆలోచించకుండా దిగితే చరిత్ర మళ్లీ అలాగే నడుస్తుంది.

ఎండపొద్దు

అసలు అణు విద్యుత్తే ఎందుకు? ఎండ బాగా కాసే చోట సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర సెంట్లకి వస్తోంది. కొత్త రియాక్టర్ ఎక్కడా ఆ దరిదాపులకి రాలేదు. అమెరికాలో వోగల్ అణు కేంద్రపు 3, 4 యూనిట్లు 14 బిలియన్ డాలర్లతో పూర్తవుతాయని మొదలుపెడితే 30 బిలియన్లు దాటింది, ఏడేళ్లు ఆలస్యమైంది. అంత ధనిక దేశమే తట్టుకోలేని బరువుని వర్ధమాన దేశం తలకెత్తుకోవడం ఎందుకు?

లెక్కల_పుస్తకం

ఎండపొద్దు గారూ, మీ ప్రశ్నకి జవాబు మాటల్లో కాదు, వడ్డీ రేటులో ఉంది. కింద ఉన్నవి నేను ఊహించుకున్న అంకెలు, మీ దేశానికి తగ్గట్టు మార్చుకోండి.

ఎలక్ట్రోలైజర్ కిలోవాట్‌కి 1000 డాలర్లు అనుకుందాం. 20 ఏళ్లు, 8 శాతం వడ్డీ అంటే ఏడాదికి దాదాపు 100 డాలర్ల భారం. రియాక్టర్‌తో జత చేస్తే ఆ యంత్రం ఏడాదికి 7,900 గంటలు నడిచి 143 కిలోలు ఇస్తుంది, కిలో మీద యంత్రం బరువు 70 సెంట్లు. ఒక్క సోలార్ మీదే ఆధారపడితే 2,000 గంటలు, 36 కిలోలు. యంత్రం బరువే 2 డాలర్ల 75 సెంట్లు. దానికి కరెంటు 1 డాలర్ 40 సెంట్లు కలపండి. సోలార్ హైడ్రోజన్ కిలో 4 డాలర్లు దాటింది.

ఇక కొత్త రియాక్టర్. కిలోవాట్‌కి 5000 డాలర్లు, 40 ఏళ్లు. 5 శాతానికి అప్పు దొరికితే పెట్టుబడి భారం యూనిట్‌కి 3.7 సెంట్లు, ఇంధనం, నిర్వహణ కలిపి ఇంకో రెండు సెంట్ల పైచిలుకు. అటూ ఇటూగా 6 సెంట్లు. హైడ్రోజన్ కిలో 4 డాలర్లు, సోలార్‌తో సమానం. అదే అప్పు 10 శాతానికి తెస్తే పెట్టుబడి భారం 6.5 సెంట్లకి ఎగిరి, కిలో ఐదున్నర డాలర్లకి చేరుతుంది. కట్టే ఏడెనిమిదేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. అది కలిస్తే ఇంకా దిగులే.

అదే రియాక్టర్, అదే యురేనియం, అవే పంపులు. కేవలం అప్పు ఖరీదు వల్ల ఒకటిన్నర డాలర్ల తేడా. వర్ధమాన దేశాలకి అప్పు ఎప్పుడూ ప్రియమే. బంగ్లాదేశ్‌లో రూప్‌పూర్, ఈజిప్టులో ఎల్ దబా అణు కేంద్రాలకి రష్యా ప్రభుత్వ రుణం అంత ముఖ్యమైంది అందుకే.

మరి గ్యాస్ హైడ్రోజన్? పది లక్షల బీటీయూ (గ్యాస్‌లోని వేడిని కొలిచే లెక్క) గ్యాస్ 10 డాలర్లు ఉంటే కిలో హైడ్రోజన్‌కి గ్యాస్ ఖర్చు ఒకటిన్నర డాలర్లు. అంటే ఎలక్ట్రోలైజర్‌కి కరెంటు 3 సెంట్ల లోపు దొరికితేనే పోటీ. కొత్త రియాక్టర్ ఆ ధరకి ఇవ్వలేదు.

ఎండపొద్దు

వివరంగా చెప్పినందుకు థాంక్స్. కానీ ఎలక్ట్రోలైజర్ ధర 500 డాలర్లకి దిగితే మీ లెక్క ప్రకారమే సోలార్ హైడ్రోజన్ 3 డాలర్ల లోపుకి వస్తుంది. చైనాలో తయారయ్యే ఆల్కలైన్ (క్షార ద్రావణంతో నడిచే) యంత్రాలు ఇప్పటికే చవక. యంత్రం చవకైన కొద్దీ ఎక్కువ గంటలు నడపాలన్న ఒత్తిడి తగ్గుతుంది, రియాక్టర్‌కి ఉన్న ఒకే ఒక్క సానుకూలత కరిగిపోతుంది.

నత్రజని

ఎలక్ట్రోలైజర్ వరకే అయితే మీరన్నది నిజం. కానీ హైడ్రోజన్ అందుకునేవాడి పరిస్థితి చూడండి. అమ్మోనియా తయారయ్యే కన్వర్టర్ లోపల 400 డిగ్రీలకి పైన, 150 బార్ల పీడనం దగ్గర ఉత్ప్రేరకం పనిచేస్తుంటుంది. ఆ వేడి చర్య నుంచే పుడుతుంది. హైడ్రోజన్ ఒక్కసారిగా తగ్గితే చర్య మందగిస్తుంది, వేడి పడిపోతుంది, స్టార్టప్ హీటర్ వెలిగించాలి. కంప్రెసర్ ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, ఫ్లేర్ (మిగులు వాయువుని కాల్చే మంట) ఆకాశానికి లేస్తుంది. మళ్లీ లైన్‌లోకి తెచ్చి సరుకు బయటికి రావడానికి రోజులు పడుతుంది. ప్రతి ట్రిప్పూ ఉత్ప్రేరకం ఆయుష్షుని తింటుంది. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు. కంట్రోల్ ప్యానెల్ మీద అలారాలు వరసగా వెలుగుతుంటే ఏది ముందు మూయాలో నిమిషాల్లో తేల్చుకోవాలి.

కాబట్టి సోలార్ హైడ్రోజన్‌కి రాత్రంతా సరిపడా నిల్వ కావాలి. భూగర్భంలో ఉప్పు గుహలు ఉన్న చోట అది చవక, లేని చోట ఉక్కు ట్యాంకులే దిక్కు. ఆ ఖర్చు మీ 3 డాలర్లలో లేదు.

చదువుకుంటున్నా

నేను కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని. రియాక్టర్ వేడిని కరెంటుగా మార్చి, ఆ కరెంటుతో నీళ్లు విడగొట్టడం చుట్టు తిరుగుడు దారి కాదా సర్? మూడు వంతుల వేడిలో రెండు వంతులు అక్కడే పోతోంది. వేడితోనే నేరుగా నీటిని విడగొట్టే రసాయన చక్రాల గురించి చదివాను. అవి ఎంతవరకు వచ్చాయి?

ఆవిరి_గొట్టం

మంచి ప్రశ్న తమ్ముడూ. దీన్ని రెండు భాగాలుగా చెప్తాను.

నువ్వు చదివినవి బహుశా సల్ఫర్-అయోడిన్, కాపర్-క్లోరిన్ చక్రాలు. మొదటిదానికి 850 డిగ్రీల పైన వేడి కావాలి, రెండోదానికి 530 డిగ్రీలు చాలు. మామూలు నీటి రియాక్టర్ ఇచ్చే ఆవిరి 300 డిగ్రీలు కూడా దాటదు. కాబట్టి హీలియంతో చల్లబరిచే రియాక్టర్లు కావాలి. జపాన్‌లో ఒఅరాయ్ దగ్గరున్న 30 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యపు పరిశోధన రియాక్టర్ 2004లో 950 డిగ్రీల వేడిని బయటికి ఇచ్చింది. అదే పరిశోధన సంస్థ సల్ఫర్-అయోడిన్ చక్రాన్ని 2019లో 150 గంటల పాటు నడిపింది, గంటకి సుమారు 30 లీటర్ల హైడ్రోజన్‌తో. లీటర్లు, కిలోలు కాదు. మరిగే సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ అయోడైడ్ కలిసి పైపులని తినేస్తాయి, ఆ లోహాల సమస్యే అన్నిటికంటే పెద్దది.

వ్యాపార స్థాయిలో చైనా షిడావో బే కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలైంది. రెండు గులకరాళ్ల రియాక్టర్లు (ఇంధనం గుండ్రటి బంతుల్లో ఉండే రకం) కలిసి 210 మెగావాట్ల టర్బైన్‌ని తిప్పుతాయి, హీలియం 750 డిగ్రీల దగ్గర వస్తుంది. ఇదే కోవలో దక్షిణాఫ్రికా తన సొంత గులకరాళ్ల రియాక్టర్ మీద ఏళ్ల తరబడి డబ్బు పోసింది. 2010లో ప్రభుత్వం నిధులు ఆపేసింది, ఒక్కటి కూడా కట్టకుండానే ఆ కథ ముగిసింది. అక్కడ తయారైన ఇంజినీర్లు తలో దేశానికి వెళ్లిపోయారు. ఒక వర్ధమాన దేశం మొదటి తరం యంత్రాన్ని ఒంటరిగా కనిపెట్టబోతే ఎంత భారమో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

రెండో భాగం ఇంకా ఆశ కలిగించేది. సాలిడ్ ఆక్సైడ్ ఎలక్ట్రోలైజర్ నీటిని కాదు, ఆవిరిని విడగొడుతుంది. అందుకని నీటిని ఆవిరి చేసే వేడి రియాక్టర్ నుంచి తీసుకోవచ్చు, దానికి 950 డిగ్రీలు అక్కర్లేదు, మామూలు రియాక్టర్ ఆవిరే సరిపోతుంది. అంతకు మించి కావలసిన వేడిని బయటికొచ్చే వాయువుల నుంచి తిరిగి రాబట్టుకుంటారు. అమెరికాలో ఇడాహో జాతీయ ప్రయోగశాలలో బ్లూమ్ ఎనర్జీ కంపెనీ యంత్రం 2022లో కిలోకి 37.7 యూనిట్లు చూపించింది. కిలో హైడ్రోజన్‌కి 9 కిలోల ఆవిరి, అంటే ఆరున్నర యూనిట్ల వేడి. ఆ వేడిని టర్బైన్‌కి పంపి ఉంటే రెండు యూనిట్ల కరెంటే వచ్చేది. అందుకని పంపులు, కంప్రెసర్లు అన్నీ కలుపుకున్నా 42 దగ్గర తేలుతుంది. 53తో పోలిస్తే ఐదో వంతు ఆదా. సోలార్ పలకలు ఆవిరి ఇవ్వలేవు. రియాక్టర్‌కి ఉన్న నిజమైన బలం ఇదే. ఆ ఎలక్ట్రోలైజర్ లోపలి పింగాణీ పొరలు త్వరగా అరిగిపోవడం మాత్రం ఇంకా తీరని బెడద.

నిదానం

ఇంత మాట్లాడుకున్నారు కానీ ఒకటి వదిలేశారు. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులు ఎగిరిపోయింది హైడ్రోజన్ వల్లే. రియాక్టర్ పక్కన వందల టన్నుల హైడ్రోజన్ పెట్టుకుంటామంటే జనం ఒప్పుకుంటారా? ఒప్పుకోవాలా?

కంట్రోల్_రూమ్

అడగాల్సిన ప్రశ్నే. ఫుకుషిమాలో హైడ్రోజన్ కావాలని తయారు చేసింది కాదు. చల్లదనం ఆగిపోయి ఇంధన కడ్డీల మీది జిర్కోనియం తొడుగు ఆవిరితో చర్య జరిపి పుట్టించింది. అది మూసి ఉన్న భవనంలో పేరుకుంది. ఎలక్ట్రోలైజర్ ప్లాంటు వేరు, ఆరుబయట ఉంటుంది, లీకైన వాయువు పైకి ఎగసి చెదిరిపోతుంది. అయినా తేలిగ్గా తీసుకోవాలని నేను అనను. దూరం పాటించాలి, రియాక్టర్‌కీ నిల్వ ట్యాంకులకీ మధ్య ఎంత ఎడం ఉండాలో పేలుడు తీవ్రత లెక్కకట్టి నియంత్రణ సంస్థ ముందు పెట్టాలి. కరెంటు తీగ మాత్రమే తీసుకుంటే కిలోమీటరు అవతల కట్టుకోవచ్చు. ఆవిరి కూడా తీసుకుంటే దగ్గరగా ఉండాలి, మధ్యలో ఇంకో ఉష్ణ వినిమయ వలయం పెట్టాలి, ట్రిటియం (రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్ రూపం) తయారైన హైడ్రోజన్‌లోకి పాకకుండా చూసుకోవాలి. అదనపు పత్రాలు, అదనపు తనిఖీలు. వర్ధమాన దేశపు నియంత్రణ సంస్థలో మనుషులు తక్కువగా ఉంటారు, ఒక లైసెన్సుకే ఏళ్లు పడుతుంది. అందుకే మొదటి ప్రాజెక్టు కరెంటు తీగతోనే ఉంటే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. లెక్కల_పుస్తకం గారు బొగ్గు గురించి చెప్పింది అక్షరాలా నిజం, అయితే రోజులో అన్ని గంటలకీ కాదు. సోలార్ పెరిగే కొద్దీ మధ్యాహ్నం బొగ్గు యూనిట్లు కనీస స్థాయికి దిగిపోతాయి, అంతకన్నా తగ్గించలేరు. అప్పుడు గ్రిడ్ వాళ్లు రియాక్టర్‌ని తగ్గించమని ఫోన్ చేస్తారు. సహజ యురేనియంతో నడిచే భారజల రియాక్టర్లలో ఆ ఫోన్ అంటే మాకు గుబులే. పవర్ తగ్గించగానే ఇంధనంలో పుట్టే జినాన్-135 అనే వాయువు పేరుకుంటుంది, అది రియాక్టర్‌ని నడిపే న్యూట్రాన్లని మింగేస్తుంది. యూనిట్ పూర్తిగా ట్రిప్ అయితే అరగంటలోపు మళ్లీ పైకి తేవాలి. ఆ అరగంట దాటిందంటే జినాన్ తగ్గేదాకా ఒకటిన్నర రోజు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. రియాక్టర్‌ని కదిలించకుండా, మిగిలిన కరెంటుని ఎలక్ట్రోలైజర్‌కి మళ్లిస్తే? ఆ గంటల్లో పక్కన మండే బొగ్గుని ఆపే అవకాశం ఎలాగూ లేదు.

లెక్కల_పుస్తకం

ఆ గంటల వరకు ఒప్పుకుంటాను. కానీ మిగులు గంటలకే పరిమితమైతే ఎలక్ట్రోలైజర్ ఏడాదికి రెండు మూడు వేల గంటలే నడుస్తుంది. సోలార్ గురించి నేను చెప్పిన యంత్రం బరువే మీ మీదా పడుతుంది. కరెంటు దాదాపు ఉచితంగా వస్తేనే లెక్క తేలుతుంది.

చదువుకుంటున్నా

నీళ్ల సంగతి ఎవరూ అనలేదు. కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది కిలోల నీళ్లు అంటే ఎక్కువ కాదా?

ఆవిరి_గొట్టం

కాదు. శుద్ధిలో పోయేది కలిపినా, రియాక్టర్ తన కండెన్సర్‌ని చల్లబరచడానికి వాడే నీటి ముందు అది లెక్కలోకి రాదు. సముద్రం ఒడ్డున అయితే ఉప్పు తీసేయొచ్చు. కల్పాక్కంలో అణు కేంద్రానికి అనుబంధంగా రోజుకి 6,300 ఘనమీటర్ల మంచినీళ్లు చేసే ప్రదర్శన ప్లాంటు కట్టారు. 1000 మెగావాట్ల హైడ్రోజన్ ప్లాంటు విడగొట్టే నీళ్లు రోజుకి 3,500 ఘనమీటర్లే.

సరిహద్దు

ఎగుమతి మీద ఆశ పెట్టుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో పునరుత్పాదక హైడ్రోజన్ కోటాలోకి అణు విద్యుత్తుతో చేసింది రాదు. దాన్ని తక్కువ కర్బన హైడ్రోజన్‌గా వేరే వర్గంలో చూస్తారు. భారతదేశం 2023లో ఇచ్చిన గ్రీన్ హైడ్రోజన్ నిర్వచనం కూడా పునరుత్పాదక శక్తికే కట్టుబడింది, కిలోకి 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టి మరీ. అణు హైడ్రోజన్ ఆ పరిమితి లోపలే ఉంటుంది, అయినా ఆ పేరు దక్కదు, ప్రోత్సాహకాలూ దక్కవు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను. కర్బనాన్ని కొలిచాక మూలాన్ని బట్టి వివక్ష ఎందుకు? కానీ పెట్టుబడి పెట్టేవాడు న్యాయం చూడడు, రాసి ఉన్నది చూస్తాడు.

సొంతంగా లెక్కలు వేసుకోవాలనుకునేవాళ్లకి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ దగ్గర హీప్ అనే సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. అణు హైడ్రోజన్ ఖర్చు కట్టడానికే తయారు చేసింది. లెక్కల_పుస్తకం గారి అంకెలని అందులో వేసి, వడ్డీ ఒక్కటీ మార్చి చూడండి.

వేపచెట్టు

ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. నత్రజని గారికి చివరగా ఒకటి. రియాక్టర్ మొత్తం హైడ్రోజన్‌కి ఇవ్వడం ఇప్పట్లో కుదరదని తేలిపోయింది. మరి ఉన్న ఎరువుల ప్లాంటుకి కొంచెం కొంచెంగా కలిపితే? ఎంతవరకు కలపొచ్చు?

నత్రజని

వేపచెట్టు గారూ, ఇదే మొదట అడగాల్సిన ప్రశ్న.

గ్యాస్‌తో నడిచే ప్లాంటులో నైట్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు కదా, సెకండరీ రిఫార్మర్‌లోకి (గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసే రెండో దశ కొలిమిలోకి) పంపే గాలి నుంచి. బయటి హైడ్రోజన్ ఎక్కువ పోస్తే నైట్రోజన్ చాలదు, గాలిని విడగొట్టే యూనిట్ కొత్తగా కట్టాలి. ఇంకో చిక్కు యూరియాది. టన్ను యూరియాకి 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఇన్నాళ్లూ అది గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు ఉచితంగా వచ్చింది. గ్యాస్ మానేస్తే యూరియాకి కార్బన్ ఎక్కడిది? అణు హైడ్రోజన్‌తో అమ్మోనియా ఎంతైనా చేయొచ్చు, యూరియా చేయలేం. పొలానికి యూరియానే వేసే దేశంలో ఈ ఒక్క విషయం మొత్తం ప్రణాళికని తలకిందులు చేస్తుంది. అమ్మోనియం నైట్రేట్‌కో, అమ్మోనియం ఫాస్ఫేట్‌కో అయితే ఈ ఇబ్బంది లేదు. డీఏపీ కోసం అమ్మోనియా దిగుమతి చేసుకునే రేవు కర్మాగారాలకి ముందు ఇవ్వాలని నేననేది అందుకే.

ఇక మీ ప్రశ్న. 5 శాతం దాకా కలిపితే ప్లాంటులో పెద్ద మార్పులు అక్కర్లేదు. రోజుకి 2,200 టన్నుల అమ్మోనియా ప్లాంటుకి 5 శాతం అంటే 20 టన్నుల హైడ్రోజన్, 45 మెగావాట్లు. నైన్ మైల్ పాయింట్‌కి 36 రెట్లు, రియాక్టర్‌లో మాత్రం ఇరవయ్యో వంతు కూడా కాదు. సింథసిస్ గ్యాస్ (హైడ్రోజన్, నైట్రోజన్ మిశ్రమం) కంప్రెసర్ ముందు కలిపితే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, వాటా ఇంత చిన్నదైతే ఎలక్ట్రోలైజర్ ఆగినా కన్వర్టర్ చల్లబడదు, గ్యాస్ ఆ 5 శాతాన్ని పూడ్చుకుంటుంది. నిల్వ ట్యాంకులు దాదాపు అవసరం ఉండవు. కంట్రోల్_రూమ్ గారి మధ్యాహ్నపు మిగులు కరెంటు దీనికి సరిగ్గా సరిపోతుంది. గంటలు తక్కువైనప్పుడు యంత్రం చవకదై ఉండాలి కాబట్టి ఆల్కలైన్ రకమే పెట్టుకోవాలి.

ఒప్పందం రాసేటప్పుడు ఒక్కటి తేల్చుకోండి. కరెంటు కొరత వచ్చిన రోజున ముందు కోత ఎవరికి? ఎలక్ట్రోలైజర్‌కే అని రాసుకుంటే రేటు తగ్గించమని అడిగే హక్కు ప్లాంటుకి వస్తుంది, గ్రిడ్‌కి 45 మెగావాట్ల వెసులుబాటు దొరుకుతుంది. క్వెక్వేలో, నంగల్‌లో కరెంటు తగ్గితే అమ్మోనియా తగ్గేది, అండగా గ్యాస్ లేదు. ఇక్కడ ఉంది.